గొర్రె పోయిన ఇంటికి పలకరింపు

తిరుపతిలో మా శిక్షణ కేంద్రం వెనక గోడకు సున్నం కొడుతున్నారు. మొన్న పొద్దున నేను బండి దిగేసరికి కూలీ ఒకాయన డ్రమ్ములో రాతిసున్నం వేసి నీళ్ళు పోస్తున్నాడు. అది బుసబుసమని పొంగింది. వేడి ఆవిరితో పాటు ఆ వాసన వచ్చి ముక్కులో చురుక్కుమంది. వేరేవాళ్ళకైతే ఆ వాసనకు పెళ్ళివారిల్లు గుర్తొస్తుందేమో. నాకు మాత్రం లోతైన గొయ్యి, దాని గట్టున కొంగు నడుముకు దోపుకుని నిలబడిన వనజాక్షమ్మ మేడం గుర్తొస్తారు. లోపల హాల్లో నాలుగు జిల్లాల అధికారులు నా కోసం కూర్చుని ఉన్నారు. నేను చెప్పాల్సిన పాఠం జీవాయుధాల ముప్పు గురించి. శత్రువెవడో రోగక్రిములను కావాలని మన మీదికి వదిలితే మొదటి గంటల్లో ఏ శాఖ ఏం చేయాలి, ఎవరు ఎవరికి కబురు చేయాలి అన్నది విషయం. తెర మీద చూపడానికి రంగురంగుల బాణం గుర్తులు కూడా తయారు చేసుకున్నాను. అవన్నీ వదిలేసి డ్రమ్ము దగ్గర నిలబడిపోయాను. కూలీ నన్ను ఎగాదిగా చూసి, "వాసన పడలేదా మేడం? రొంత అవతలికి పోండి" అన్నాడు. పడిందనీ, అందుకే నిలబడ్డాననీ ఆయనకు ఎలా చెప్పను?

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. చిత్తూరులో పశువుల రోగాలు తేల్చే ప్రయోగశాలకు ఆమె పెద్ద. నేను పశువైద్యం చదివి మొదటి ఉద్యోగానికి ఆమె దగ్గరికే వెళ్ళాను. పొట్టి మనిషి, నేతచీర, రబ్బరు చెప్పులు. సొంతూరు సత్యవేడు పక్కన, అరవదేశపు గట్టు మీద కావడంతో కోపం వచ్చినప్పుడు తెలుగులోంచి అరవంలోకి దూకేవారు. కోపం రాని రోజంటూ ఉండేది కాదు. గాజుపలక మీద చిన్న మరక కనిపించినా నా ఏడు తరాలనూ కడిగేసేవారు. మేడం తిట్టలేదంటే ఆమెకు ఒంట్లో బాగాలేదని అర్థం అని ఆఫీసులో ఒక మాట ఉండేది. అలాంటి మనిషి ఫోన్ మోగితే మాత్రం వేరే మనిషి అయిపోయేవారు. ఏ కొండ వాలు నుంచో గొర్రెల కాపరి ఎవరో మందలో గొర్రె చచ్చిందని చేసేవాడు. ఎన్ని చచ్చాయి, ఎప్పుడు చచ్చాయి అని మేం నేర్చుకున్న ప్రశ్నలు ఆమె అడిగేవారు కాదు. "అదుండనీ నాయనా, ముందు ఇది సెప్పు. మీరంతా బాగుండారా? పిలకాయలు బాగుండారా?" అని మొదలుపెట్టేవారు.

కొత్తలో నాకది సాగదీతగా అనిపించేది. అవతల రోగం పరుగెత్తుతుంటే ఈ కుశల ప్రశ్నలేమిటని ఉండబట్టలేక అడిగేశాను. ఆమె తిడతారనుకున్నాను గానీ తిట్టలేదు. "గొర్రెల్ని గురించి అడిగితే వాడు గొర్రెల్నే సెప్తాడు పాపా. వాని చేతి మీద పుండు ఉండాదని, పిల్లోనికి జొరమని సెప్పాలనే వానికి తోచదు. బాగుండారా అంటే, ఆ బాగుండామమ్మా, ఏదో చెయ్యి రొంత వాసినాది అంటాడు. మనకి కావాల్సింది ఆ చెయ్యి" అన్నారు. నేను అంతవరకు దాన్ని ఆమె మంచితనం అనుకున్నాను. వైద్యం కూడా అదేనని ఆ రోజు తెలిసింది.

ఆ కాలంలోనే పైనుంచి మాకు జాగ్రత్తల కాగితాలు రావడం మొదలైంది. శత్రువులు ఆయుధాలుగా వాడగల క్రిములు ఇవీ అని ఇచ్చిన జాబితాలో మొదట ఆంత్రాక్స్ పేరు ఉంది. మన రైతులు దాన్ని దొమ్మరోగం అంటారు. మట్టిలో ఏళ్ళ తరబడి పడి ఉండి, తొలకరికి మేతతో పాటు గొర్రె కడుపులోకి పోతుంది. రాత్రి బాగున్న గొర్రె పొద్దుటికి ముక్కులోంచి నల్లటి నెత్తురు కారి పడి ఉంటుంది. ఆ కళేబరాన్ని కోశారంటే కోసినవాళ్ళ చేతులకు కూడా అంటుకుంటుంది. మేడం ఆ కాగితం చదివి నవ్వారు. "ఢిల్లీ వాళ్ళు ఇప్పుడు భయపడతా ఉండారు. మన గొర్రెలకి ఇది తాతలనాటి సుట్టం" అన్నారు. కాసేపటికి నవ్వు ఆపి నా వైపు తిరిగారు. "ఎవుడో కావాలనే తెచ్చి వదిలినాడనుకో. ఇదిగో వదిలినానని మనకి కబురు పంపుతాడా? కాపరి మనకి సెప్తేనే దేశానికి తెలిసేది. వాడు సెప్పకుండా కోసి పోగులేసుకున్నాడంటే ఎవురికీ తెల్దు."

పోగుల సంగతి తెలియనివారికి చెప్పాలి. మా వైపు గొర్రె ఉన్నట్టుండి చచ్చిపోతే పారేయరు. పచ్చిక ఎక్కువ మేసి చిటుకరోగంతో పోయిందనుకుని కోస్తారు. మాంసం పోగులు పెట్టి ఊళ్ళో ఇంటికొకటి తీసుకుంటారు. గొర్రె పోగొట్టుకున్నవాడికి తలా ఇంత డబ్బు ఇస్తారు. ఒకడి నష్టాన్ని ఊరంతా కలిసి మోసే పద్ధతి అది, అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ పోయింది చిటుకతో కాక దొమ్మతో అయితే, ఆ మంచి పద్ధతే ఇంటింటికీ రోగాన్ని మోసుకుపోతుంది. కోయొద్దని చెప్పడం సులువే. కోయకుండా పూడ్చిపెట్టినవాడికి పోగులూ లేవు, గొర్రే లేదు. మేడానికి ఎప్పుడూ అదే బాధ.

పలమనేరు దాటి అడవి అంచున ఒక పల్లె ఉంది. పేరు రాయను, ఇప్పటికీ వాళ్ళ పాలు బయట అమ్ముడుపోవాలి. అక్కడ గంగులమ్మ అనే ఆమె మందలో సగం ఒకేసారి పోయింది. ఒంటరి మనిషి, మొగుడు పోయాక గొర్రెలనే నమ్ముకుని బతుకుతోంది. ఒక్కదాన్నీ కోయనీయకుండా మాకు ఫోన్ చేసింది. మేం వెళ్ళి లోతుగా తవ్వించి, సున్నం చల్లించి పూడ్పించాం. గుంత మీద ముళ్ళకంప కప్పేదాకా మేడం కదల్లేదు. అంతటితో పని అయిపోయింది. కానీ కొన్ని వారాల తర్వాత మేడం ఉన్నట్టుండి జీపు ఎక్కమన్నారు. నమూనాల పెట్టె తీసుకోబోతే, "అదెందుకు? పలకరింపుకి పోతా ఉండాము" అన్నారు. ఎవరు పోయారని అడిగితే, "గంగులమ్మ గొర్రెలు" అన్నారు. నవ్వాలో వద్దో తెలియక జీపులో కూర్చున్నాను.

గంగులమ్మ మమ్మల్ని చూసి కంగారుపడింది. మళ్ళీ ఏం తప్పు దొరికిందోనని ఆమె భయం. మేడం ఇంటి ముందరి తిన్నె మీద కూర్చుని, "నీ మచ్చల గొర్రె ఉండెనే, మంద ముందర నడిచేది, అది నీ ఇంట్లో పుట్టిందేనా?" అని అడిగారు. అంతే, గంగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "గొర్రెకి ఏడిస్తే నగుతారని ఇన్నాళ్ళు ఏడవలేదమ్మా. మనిషి పోతే పదిమంది వస్తారు. దీనికి ఎవురొస్తారు?" అంది. "నేనొచ్చినా గదా" అన్నారు మేడం. ఇద్దరూ ఆ గొర్రె గురించి, దాని తల్లి గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను గోడ మీది బల్లిని చూస్తూ కూర్చున్నాను. లేచేటప్పుడు మేడం పోయొస్తామని అనలేదు. చావు జరిగిన ఇంట్లో అనకూడదు కదా, ఊరికే లేచి చెప్పులేసుకుని జీపు దగ్గరికి నడిచారు. గంగులమ్మ అది గమనించింది. వీధి మలుపు దాకా మా వెనకే వచ్చి నిలబడింది.

ఆ తర్వాత రెండు మూడేళ్ళకు తొలకరి పడగానే ఒక పెద్ద ఆఫీసు నుంచి మేడానికి ఫోన్ వచ్చింది. ఆ పల్లెలోనే గొర్రెలు చచ్చాయి, మనుషుల చేతుల మీద నల్లటి పుళ్ళు లేస్తున్నాయి, ఎవడో తెల్లటి పొడి చల్లుతూ దొరికాడు, ఇది శత్రువుల పని కావచ్చు అని సారాంశం. అంతకు కొద్దిరోజుల ముందే తిరుపతిలో ఇలాంటి దాడి జరిగితే ఏం చేయాలో అందరం ముసుగులు తొడుక్కుని అభ్యాసం చేశాం. ఆ వేడి ఇంకా చల్లారలేదు. ఊరికి వెళ్ళేసరికి పోలీసు జీపు, టీవీవాళ్ళ బండి వచ్చేసి ఉన్నాయి. తలుపులన్నీ మూసి ఉన్నాయి. బడిగదిలో మునుసామి అనే బాతుల కాపరిని కూర్చోబెట్టారు. బాతులను తోలుకుంటూ అరవదేశం నుంచి ఏటా వచ్చే మనిషి. బక్కగా ఉన్నాడు. మేడం అతనితో అరవంలో మాట్లాడారు. బాతుపిల్లలను చీమలు కొరుకుతున్నాయని దొడ్డి చుట్టూ సున్నపుపొడితో గీత గీసుకున్నాడట. గొర్రెలు చచ్చాక ఆ గీత ఊరి కంట్లో పడింది.

అక్కడున్న పోలీసు అధికారి కుర్రవాడే, మర్యాదస్తుడే. "అది సున్నమేనని మీరు రాసిస్తారా మేడం?" అని అడిగాడు. "రాసియ్యను. సున్నం మాదిరే ఉండాది. ఉంటే సాలదు, పరీక్షలో తేలాల" అని మేడం ముసుగు, చేతొడుగులు వేసుకుని, మొన్న అభ్యాసంలో నేర్పినట్టే పొడిని ఎత్తించి, మూడు సంచుల్లో సీలు వేయించి చిత్తూరుకు పంపారు. నేర్చుకున్న పద్ధతిని ఆమె ఏనాడూ ఎగతాళి చేయలేదు. తర్వాత ఆ అధికారితో అన్నారు: "పొడి సంగతి రేపటికి తెలుస్తాది. గొర్రెను కోసినోడు రేపటికి ఉంటాడో లేదో తెల్దు. ముందు వాడు యాడుండాడో కనుక్కోవాల."

కోసింది ఎర్రప్ప అని మాత్రం తెలిసింది. వయసులో ఉన్న కాపరి, కత్తి పట్టడంలో ఊళ్ళో మొనగాడు. కోయొద్దని ఆపే గంగులమ్మ పుంగనూరులో కూతురింటికి పోయి ఉండగా ఊళ్ళో గొర్రె చచ్చింది. చిటుకే అనుకుని ఎర్రప్ప కోసి పోగులు వేశాడు. ఇప్పుడు మనిషి కనబడటం లేదు. పలమనేరు ఆసుపత్రి నుంచి వచ్చిన డాక్టరు పుండు చర్మం మీద ఉన్నంతవరకు మాత్రలతో తగ్గుతుందని, నెత్తుట్లోకి దిగితే మనిషి దక్కడం కష్టమని చెప్పాడు. మేం తలుపు తలుపూ తట్టాం. ఎర్రప్ప పెళ్ళాం లక్ష్మి, "ఊళ్ళో లేడు" అని లోపలినుంచే అంది. పోగు తీసుకున్నామని ఒప్పుకున్న ఇల్లు ఒక్కటీ లేదు. పైగా శత్రువు పొడి చల్లాడన్న మాట అందరికీ హాయిగా ఉంది. చేసింది శత్రువైతే ఎవరూ కోయలేదు, ఎవరూ తినలేదు, ఎవరి మీదా కేసు లేదు. ఆ హాయి చాటున ఒక మనిషి చచ్చిపోతున్నాడు.

మేడానికి కోపం వచ్చింది. "మీ జీపులు, కెమెరాలు రోడ్డు మీదికి తీసుకోండి. ఇవి ఈడ ఉన్నంతసేపు ఒక్కడూ నోరు తెరవడు" అని అధికారి మీద విరుచుకుపడ్డారు. అతను మొదట బిగుసుకున్నాడు. మేడం అరవంలోకి దిగేసరికి ఎందుకొచ్చిన గొడవనుకున్నాడో ఏమో, బళ్ళు తీయించాడు. అప్పుడామె పోయి గంగులమ్మ తిన్నె మీద కూర్చున్నారు. గంగులమ్మ ఆ పొద్దునే ఊళ్ళోకి వచ్చింది. ఎర్రప్ప ఎక్కడ అని అడుగుతారనుకున్నాను. నాకైతే నాలుక చివర అదే ఉంది. ఆమె మాత్రం, "మీరంతా బాగుండారా గంగులమ్మా?" అని అడిగి ఊరుకున్నారు.

గంగులమ్మ లేచి, వీధికి అడ్డంగా నడిచి, ఎర్రప్ప ఇంటి తలుపు ముందు నిలబడింది. ఊరంతా వినేటట్టు మాట్లాడింది. "ఏమే లచ్చుమీ, ఈయమ్మ నా గొర్రె సచ్చిపోతే పలకరించేదానికి వచ్చినాది. పోయేటప్పుడు పోయొస్తానని అనకుండా పోయినాది. నీ మొగుడు పోయినాక కూడా వస్తాది. ఆ పొద్దు తలుపు తీస్తావా, ఇప్పుడే తీస్తావా?" కాసేపటికి తలుపు తెరుచుకుంది. లక్ష్మి బయటికి వచ్చి మాకు చెరుకుతోటల్లోకి దారి చూపింది.

బెల్లం గానుగ పాకలో, చెరుకుపిప్పి మీద ఎర్రప్ప పడి ఉన్నాడు. ముంజేయి ఉబ్బి, మధ్యలో బొగ్గులాంటి పుండు. ఒళ్ళు కాలిపోతోంది. మమ్మల్ని చూసి లేవబోయాడు. "నేనే కోసినా మేడం, పోగులూ నేనే ఏసినా. నన్ను ఏమన్నా సెయ్యండి, ఊర్ని ఏమీ అనొద్దండి" అన్నాడు. "నిన్ను ఏమన్నా సేసేదానికి నాకు తీరిక లేదు. లెయ్" అని మేడం అతని రెండో చేయి పట్టుకున్నారు. ఎర్రప్ప జీపెక్కడం చూశాక తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పోగు తీసుకున్నవాళ్ళు తలలు వంచుకుని వచ్చి తిన్నె ముందు నిలబడ్డారు. అందరికీ మాత్రలు అందాయి. ఎర్రప్ప ఆసుపత్రిలో చాలా రోజులు ఉన్నాడు, బతికాడు.

పొడి సున్నమేనని మర్నాడు తేలింది. మరి రోగం ఎక్కడినుంచి వచ్చింది? అది కూడా తిన్నె మీదే తేలింది. ఏదో కరువులో చచ్చిన గొర్రెలను, తవ్వడానికి మెత్తగా ఉంటుందని ఎండిన కుంట అంచున పూడ్చామని పెద్దవాళ్ళు గుర్తుచేసుకున్నారు. ఆ వేసవిలో ఆ కుంట పూడికమట్టినే బళ్ళకెత్తి పొలాలకు తోలుకున్నారు. వాన పడింది, ఆ మట్టిలో గడ్డి మొలిచింది, గొర్రెలు మేశాయి. "అది మట్టిలో నిద్రపోతా ఉండె. మనమే లేపి పొలానికి తోలుకున్నాము" అన్నారు మేడం. మునుసామి పోతూ పోతూ బాతుగుడ్లు తెచ్చాడు. ఎవరి దగ్గరా గుక్కెడు కాఫీ తప్ప పుచ్చుకోని మేడం, వాటిని మాత్రం తీసుకున్నారు. "తీసుకోకపోతే నేనింకా అనుమానిస్తా ఉండానని అనుకుంటాడు పాపా" అన్నారు జీపులో. నేను తెలివిగా, ఇంత సన్నద్ధత, ఈ ముసుగులు అన్నీ దండగే కదా మేడం అన్నాను. దానికి మాత్రం చక్కగా తిట్లు తిన్నాను. "దండగెట్ల అవుతాది? ఒకనాటికి నిజంగానే ఎవుడో తెస్తాడేమో, మనకేం తెలుసు? ఆ పొద్దు కూడా మొదట సూసేది గంగులమ్మే. ఆమెకి మన మీద నమ్మకం లేకపోతే నీ ముసుగు ఎప్పుడు తొడుక్కోవాలో నీకెట్ల తెలుస్తాది?"

మేడం పదవీ విరమణ చేసి సత్యవేడు వెళ్ళిపోయారు. కొన్నేళ్ళకు అక్కడే పోయారు. కబురు అంది నేను వెళ్ళేసరికి వాకిట్లో గొంగళ్ళు భుజాన వేసుకున్న కాపరులు కూర్చుని ఉన్నారు. గంగులమ్మ ముసలిదైపోయింది, ఎర్రప్ప చేయి పట్టుకుని వచ్చింది. మునుసామికి ఎవరు చెప్పారో, అతనూ ఉన్నాడు. వాళ్ళు మేడం గురించి మాట్లాడుకుంటూ కూర్చుని, పొద్దు వాలుతుండగా ఒక్కొక్కరే లేచి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయారు. అంతవరకు గట్టిగానే ఉన్న నేను, అది చూసి తట్టుకోలేకపోయాను. ఆ వాకిట్లో కూర్చుని పసిపిల్లలా ఏడ్చాను. ఇప్పటికీ ఆమె తిట్లు వినబడని రోజు నాకు ఏదో వెలితిగానే ఉంటుంది.

మొన్నటి సంగతికి వస్తాను. హాల్లోకి వెళ్ళి తెర వెలిగించి, మొదటి బాణం గుర్తు దగ్గరే ఉన్నాను. ఈ గీతకు మొదట్లో ఉన్న చిన్న చుక్క ఎవరు అని అధికారులను అడుగుతున్నాను. బల్ల మీద నా ఫోన్ మోగింది. పాఠం మధ్యలో ఫోన్ తీస్తానని మా కేంద్రంలో నాకు చెడ్డపేరు ఉంది, అది మేడం ఇచ్చిన ఆస్తి. తీశాను. "మేడం, నేను ఎర్రప్పను" అంది అవతలి గొంతు. హాలంతా వినేటట్టు స్పీకరు నొక్కాను. చదువుకున్న ప్రశ్నలు ఎన్నో ఉన్నా నా నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"మీరంతా బాగుండారా నాయనా? పిలకాయలు బాగుండారా?"

"అందరమూ బాగుండాము మేడం. తెల్లారకముందే మబ్బులో గొర్రె ఒకటి పోయినాది. ముక్కులో నెత్తురు కారతా ఉండాది. కోయలేదు మేడం. ఎవుర్నీ కోయనీలేదు."

వస్తున్నానని చెప్పాను. ఆ చుక్క ఎవరో మీరు విన్నారు కదా అని అధికారులతో అని, తెర ఆపేశాను. వెనక గోడ దగ్గరికి వెళ్ళి, ఆ కూలీని సున్నం బస్తాలు ఎన్ని మిగిలాయని అడిగాను.